వదిలి వెళ్ళినందుకు

పుంతా అరేనాస్‌లో గాలి
తలుపు తట్టదు, తోస్తుంది.
రాత్రి పదకొండు. ఉన్ని గోదాము కాపలా గదిలో
హీటరుకి కాళ్ళు చాపుకుని నేను,
చెవిలో నా మేనకోడలు యానారా.
"మామయ్యా, ఇవాళైనా దొరుకుతారంటావా?"
ఆటకి ఐదుగురు కావాలి.
నలుగురు పారిపోవడానికి,
ఒకడు తరమడానికి.
మొత్తం భూమ్మీద
ఐదుగురు.

ఇరవై రెండు నిమిషాలు వెతికింది యంత్రం.
కెటిల్‌లో నీళ్ళు రెండుసార్లు మరిగి చల్లారాయి.
సావోపాలోలో ఎక్కడో ఉన్న సర్వరు దాకా
నా అడుగు వెళ్ళి వచ్చేలోపు
నేను చచ్చిపోయి ఉంటాను.
నా తెర మీద కిటికీ దూకేశాను.
వాడి తెర మీద నేనింకా ఇవతలే,
వీపు అప్పగించి నిలబడి ఉన్నాను.
రెండు నిజాలున్నప్పుడు
కొడవలి ఉన్నవాడిదే నిజం.

భయపడటానికే కొన్నాను దీన్ని,
జీతం రోజున, పదిహేను వేల పెసోలు పోసి.
మొదటి శీతాకాలం నిజంగానే భయపడ్డాను.
దీపస్తంభం మెట్ల మీద లాంతరు వెలుగు
ఒక్కో మెట్టూ దిగుతుంటే
పువెర్తో నతాలెస్‌లో పడవలు బాగుచేసే ఓవిదియో,
యాభై దాటిన మనిషి,
మైకులో ఊపిరి బిగబట్టడం వినిపించేది.

ఇప్పుడు లాంతరంటే భయం లేదు.
తెరుచుకోని గేటంటే భయం.
మూడో మోటారు తిప్పితే
ఆటే బిగుసుకుపోతుందని భయం.
ఒకసారి యానారా నేలలో నడుం దాకా కూరుకుపోయి
సగం మనిషిగా తిరిగింది.
అప్పట్లో నవ్వాం.

చివరి మరమ్మతు జరిగి పదకొండు నెలలు.
ఈలోగా వాళ్ళు పంపింది
హంతకుడికి ఒక పండగ టోపీ,
ఊదారంగు కొడవలి,
"మీ మాట వింటున్నాం" అని ఒక వాక్యం,
చివర గుండె బొమ్మ.
గేటు గురించి ఏడుసార్లు రాశాను.
మర్యాదగా మూడుసార్లు.
మిగతా నాలుగూ మా అమ్మకి చూపించలేను.
హంతకుడి వంతు నాకెప్పుడూ రాదు,
అయినా ఆ టోపీ కొన్నాను.
ఎందుకని అడక్కండి.

నిన్నటి సంగతి చెప్పాలి.
హంతకుడు చిమాంగో అనే పేరుతో వచ్చాడు,
చెత్తకుప్పల మీద బతికే మా వైపు డేగ పేరు.
రెండో నిమిషంలో బావిలో పడ్డాడు.
అది పడే బావి కాదు, ఉత్త నీళ్ళ బొమ్మ.
అయినా పడ్డాడు. పైకి రాలేడు.
మేం మోటార్లన్నీ తిప్పి గేటు దగ్గరికి పోయాం.
గేటు రాలేదు.

వాడు చంపలేడు. మేం తప్పించుకోలేం.
ముందు వెళ్ళిపోయినవాడికి ఒకరోజు నిషేధం.
కూర్చున్నాం.
హంతకుడితో మాట్లాడే వీలు ఆటలో పెట్టలేదు,
భయం చెడిపోతుందని.
వాడికున్నది లాంతరొక్కటే. ఎత్తాడు, దించాడు.
యానారా టార్చి రెండుసార్లు ఆర్పి వెలిగించింది.
వాడూ రెండుసార్లు.
నలభై నిమిషాలు.
ఉషువాయియాలో బేకరీ నడిపే మిర్తా
మూడింటికి లేచి పిండి కలపాలి, మూడింటికి లేవాలి
అంటూనే కూర్చుంది.
ఓవిదియో తన మోకాలి ఆపరేషన్ గురించి
మొత్తం చెప్పాడు.

ఒంటిగంటకి గాలి ఏ తీగ తెంపిందో,
గోదామంతా చీకటి.
హీటరులో నారింజ గీత మెల్లిగా బూడిదైంది.
ఉన్ని మూటల మధ్య ఏదో కదిలింది.
టార్చి ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.
ఎన్నాళ్ళకో
మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.
ఎలుక.

తెల్లవారుజామున కరెంటొచ్చింది.
తెర మీద ఎర్రటి పెట్టె:
"తోటివారిని నడి ఆటలో వదిలి వెళ్ళినందుకు
ఇరవై నాలుగు గంటల శిక్ష."
చదివాను. మళ్ళీ చదివాను.
వదిలి వెళ్ళడం గురించి
బాగా తెలిసినవాళ్ళే రాసినట్టుంది.

కింద యానారా సందేశం:
"నువ్వు పోయాక కూడా చాలాసేపున్నాం.
నువ్వు నిలబడ్డ చోటుకేసి
వాడు లాంతరు ఎత్తుతూనే ఉన్నాడు."

టీ పోసుకుని
ఎనిమిదో ఫిర్యాదు మొదలుపెట్టాను.
గేటు మాట ఎత్తలేదు ఈసారి.
అయ్యా,
బావిలో మనిషున్నాడు.